సాయంకాలపు తినుబండారాల బండ్లు: దేని దగ్గర ఆగాలి, ఏది ఎంచుకోవాలి

చీకటి పడే వేళకు రోడ్డు పక్కన వరుసగా దీపాలు వెలిగించుకుని నిలబడే బండ్లలో దేని దగ్గర ఆగాలన్న ప్రశ్నకు చాలామంది కళ్ళతోనూ ముక్కుతోనూ జవాబు వెతుక్కుంటారు. రంగు ఆకర్షిస్తే, వాసన నోరూరిస్తే, నలుగురు గుమిగూడి కనిపిస్తే అక్కడే ఆగుతారు. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉన్నా, ఎంపికకు అవి చాలవు. ఎందుకంటే ఆహారాన్ని పాసిపోయేలా చేసే సూక్ష్మజీవులు వేరు, మనిషిని జబ్బుపడేలా చేసేవి వేరు. రెండో రకం జీవులు ప్రమాదకరమైన సంఖ్యలో పెరిగిన తరువాత కూడా ఆ పదార్థం రంగు, రుచి, వాసన ఏమాత్రం మారకుండా ఉండవచ్చు. కాబట్టి బండిని ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది ఒక్కటే: పొయ్యి మీద నుంచి దిగిన పదార్థం నా చేతికి చేరేలోపు ఎంతసేపు గడిచింది, ఆ మధ్యలో దానిని ఏమేమి తాకాయి అన్నది. కింద చేసిన పోలికలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

బండ్ల దగ్గర అసలు తినకూడదన్న సలహా వినడానికి బాగుంటుంది కానీ, ఎవరికీ పనికిరాదు. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ 1986లో ఇండోనేషియాలోని యోగ్యకర్తలో నిర్వహించిన సదస్సులో వీధి ఆహారానికి ఒక నిర్వచనం ఇచ్చారు: వీధుల్లోనూ అలాంటి బహిరంగ స్థలాల్లోనూ అమ్మకందారులు తయారుచేసి అమ్మే, వెంటనే తినడానికి సిద్ధంగా ఉండే ఆహార పానీయాలు అని దాని సారాంశం. ప్రపంచంలో రోజూ సుమారు 250 కోట్లమంది ఇలాంటి ఆహారం తింటారని అదే సంస్థ అంచనా. పని ముగించుకుని ఇంటికి వెళ్ళేలోపు ఆకలి తీర్చుకోవలసిన వాళ్ళకు, వంటకు వసతి లేని గదుల్లో ఉండేవాళ్ళకు ఇది సరదా కాదు, భోజనమే. పైగా బండికి పెద్ద హోటలుకు లేని ఒక మేలు ఉంది. హోటలు వంటగది గోడల వెనుక ఉంటుంది. బండి వంటగది మొత్తం మన కళ్ళముందే ఉంటుంది. చూడడం తెలిసినవారికి ఇది చాలా పెద్ద సదుపాయం.

వేడి, కాలం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షిత ఆహారానికి అయిదు సూత్రాలను ప్రచురించింది. శుభ్రత పాటించడం, పచ్చివాటినీ వండినవాటినీ వేరుగా ఉంచడం, లోపలిదాకా ఉడికించడం, తగిన వేడిలోనో చల్లదనంలోనో నిలవ ఉంచడం, సురక్షితమైన నీటినీ సరుకులనూ వాడడం అన్నవి ఆ అయిదు. వాటిలో గుర్తుంచుకోదగిన అంకెలు నాలుగు ఉన్నాయి. పదార్థం లోపలి భాగం కనీసం 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. వండినదానిని 60 డిగ్రీల పైనగానీ 5 డిగ్రీల లోపుగానీ ఉంచాలి. మామూలు గది వేడిలో 2 గంటలకు మించి వదిలేయకూడదు. అనుకూలమైన వేడిలో కొన్ని బాక్టీరియాలు దాదాపు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన వంద జీవులు నాలుగు గంటల్లో నాలుగు లక్షలు దాటతాయి. మధ్యాహ్నం ఇంటి దగ్గర వండి, ఎండలో తోసుకుంటూ తెచ్చి, సాయంత్రం అమ్మే పదార్థానికీ, బండి దగ్గరే అప్పటికప్పుడు వండినదానికీ అసలు తేడా ఇక్కడే ఉంది.

అందువల్ల మొదటి ఎంపిక సులభమే: అడిగాక వండేదానికీ ముందే వండి కుప్ప పోసినదానికీ మధ్య అడిగాక వండేదే మేలు. అయితే "మళ్ళీ వేడిచేసి ఇస్తాను" అన్న మాటను అప్పటికప్పుడు వండడంతో సమానంగా తీసుకోకూడదు. వేడికి బాక్టీరియా చచ్చిపోవచ్చు కానీ, అవి అప్పటికే విడుదల చేసిన విషాలు కొన్ని చెక్కుచెదరవు. చేతుల నుంచి, ముక్కు నుంచి ఆహారంలోకి చేరే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా తయారుచేసే విషం మరిగించినా పోదు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సంగతి ఇంకా గట్టిది. దాని బీజాలు, అంటే వేడిని తట్టుకునే దాని నిద్రాణ రూపాలు, అన్నం ఉడికేటప్పుడు కూడా బతికి ఉండి, అన్నం గోరువెచ్చగా గంటలతరబడి నిలవున్నప్పుడు మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. తరువాత పెద్ద మంట మీద ఎంత ఎగరేసి వేయించినా ఆ విషం అలాగే ఉంటుంది. మంట ఎగసిపడుతున్న బాణలిని చూసి భరోసా పడేవారు, ఆ బాణలిలో పడుతున్న అన్నం ఎప్పుడు వండారన్నది కూడా అడగాలి. ముందే ఉడకబెట్టి గంపలో పోసి ఉంచిన నూడుల్స్‌కూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. మర్యాదగా అడిగితే చాలామంది అమ్మకందారులు నిజమే చెబుతారు. చెప్పడానికి విసుక్కునే చోట తినకపోవడమే మంచిది.

వండే పద్ధతులను పోల్చి చూస్తే

నూనెలో వేయించినవి, పెనం మీద కాల్చినవి, ఉడికించినవి, బొగ్గుల మీద కాల్చినవి అని నాలుగు రకాలుగా విడదీసుకుంటే ఎంపిక తేలికవుతుంది. ఒక్క రాత్రికి కడుపు క్షేమంగా ఉండాలంటే ఏది మంచిది, ఏళ్ళ తరబడి అలవాటుగా తింటే ఏది మంచిది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని, వాటి జవాబులు ఒకటి కావని ముందే చెప్పుకోవాలి.

సూక్ష్మజీవుల సంగతి మాత్రమే చూస్తే నూనెలో అప్పుడే వేయించి తీసిన పలచని పదార్థాన్ని మించినది లేదు. 160 నుంచి 190 డిగ్రీల నూనెలో మునిగి తేలినదానిలో హానికరమైన జీవి బతకడం కష్టం. ఇబ్బంది నూనెతోనే. అదే నూనెను గంటలకొద్దీ, రోజులకొద్దీ కాచినప్పుడు అది విరిగి, ధ్రువ సమ్మేళనాలు అనే పదార్థాలు పెరుగుతాయి. వేపుడు నూనెకు నియమాలు పెట్టిన దేశాలలో చాలావాటిలో ఇవి 24 నుంచి 27 శాతం చేరేసరికి ఆ నూనెను పారేయాలి. మన దగ్గర దానిని కొలిచే పరికరం ఉండదు కాబట్టి గుర్తులను చూడాలి. పదార్థం వేయకముందే నూనె నుంచి పొగ లేస్తున్నా, వేసినప్పుడు వచ్చే బుడగలు వెంటనే పగిలిపోకుండా సబ్బునురుగులా నిలిచిపోతున్నా, చిల్లుల గరిటె నుంచి నూనె చుక్కలుగా కాక జిగటగా తీగలా కారుతున్నా, ఘాటైన వాసనకు గొంతు పట్టేసినా ఆ నూనె పని అయిపోయినట్టే. రంగు ఒక్కదానినే నమ్మడం సరికాదు. పిండి, మసాలా రాలి మాడడం వల్ల కొత్త నూనె కూడా త్వరగా నల్లబడవచ్చు. వాయికీ వాయికీ మధ్య అడుగున చేరిన మాడు తునకలను తీసిపారేసే అలవాటున్న అమ్మకందారు శ్రద్ధగలవాడని నా అనుభవం.

వేపుళ్ళలోనే ఇంకొక పోలిక ఉంది. కొందరు సగం వేయించి కుప్పగా పోసి ఉంచుకుని, గిరాకీ వచ్చినప్పుడు మరోసారి నూనెలో వేసి ఇస్తారు. పలచని పిండివంటలకు దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. మాంసం, చేపల విషయంలో మాత్రం ఇది నచ్చదగిన పద్ధతి కాదు. మొదటిసారి లోపల పూర్తిగా ఉడకని ముక్క గోరువెచ్చగా కూర్చుని, రెండోసారి పైన మాత్రమే కరకరలాడవచ్చు. తీసుకున్న ముక్కను మధ్యకు విరిచి చూడడం నామోషీ కాదు. ఇక రంగు విషయానికి వస్తే, పిండిపదార్థాలను 120 డిగ్రీలకు పైన వేయించినప్పుడో కాల్చినప్పుడో ఒంటికి హానికరమని భావించే అక్రిలమైడ్ అనే రసాయనం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. అప్పటినుంచి అన్నిచోట్లా ఇస్తున్న సలహా ఒకటే: ముదురు గోధుమ రంగు తిరిగిన వాటికన్నా బంగారు రంగులో ఉన్నవి మేలు.

పెనం మీద రెండువైపులా కాల్చిన పలచని అట్లు, రొట్టెల వంటివి నా దృష్టిలో సాయంకాలపు బండ్లలో అన్నిటికన్నా నమ్మదగినవి. నూనె తక్కువ, వేడి ఎక్కువ, పెనం మీద నుంచి నేరుగా పళ్ళెంలోకి వస్తాయి. అయితే లోపల కూరిన ముద్ద ఉంటే లెక్క మారుతుంది. ఉడికించి మెదిపిన దుంపలైనా, తురిమిన మాంసమైనా, మరేదైనా మధ్యాహ్నం నుంచి గిన్నెలో కూర్చుని ఉంటుంది, పెనం మీద అది వెచ్చబడుతుందేగానీ మరగదు. అదే బండి దగ్గర ముద్ద లేనిదాన్ని అడిగి తీసుకుంటే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. గుడ్డు వేసేటట్లయితే పచ్చసొన గట్టిపడేదాకా కాల్చమనాలి.

ఉడికించిన వాటిలో ఒకే పదార్థం అత్యుత్తమమూ కావచ్చు, అన్నిటికన్నా చెడ్డదీ కావచ్చు. కుతకుతలాడుతూ ఆవిరి కక్కుతున్న పులుసు, సూపు, ఆవిరి పాత్ర నుంచి అప్పుడే తీసినవి నిస్సందేహంగా మంచివి. ఇవి ఏళ్ళ తరబడి తిన్నా ఒంటికి మేలైనవే. కానీ పెద్ద పాత్రనిండా మాంసపు కూర గోరువెచ్చగా, సన్నని సెగ మీద, ఉడుకులేకుండా నిలవుంటే అది క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకు కోరుకున్న చోటు. దాని బీజాలు వంటకు చావవు; 43 నుంచి 47 డిగ్రీల మధ్య అది అసాధారణమైన వేగంతో పెరుగుతుంది. పాత్ర ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా చల్లారుతుంది, ఆ చల్లారే గంటలే దానికి కావలసిన అదను. కాబట్టి మూత తీసినప్పుడు బుడగలు కనిపించని కూరపాత్రకన్నా ఏ వేపుడైనా మెరుగే.

బొగ్గుల మీద కాల్చిన మాంసంలో రెండు సంగతులు చూడాలి. ముక్క మాంసమైతే జీవులు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి, సెగకు అవి చస్తాయి. తురిమి ముద్ద చేసిన మాంసంలో పైభాగం లోపలికి కలిసిపోతుంది గనుక అది నడిమధ్య దాకా ఉడికి తీరాలి. కోడిమాంసం ముక్కైనా ముద్దైనా ఇదే నియమం. రెండోది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: పచ్చిమాంసం నానబెట్టిన గిన్నెలో ముంచిన కుంచెతోనే కాలిన ముక్కల మీద కూడా మసాలా పూయడం, పచ్చిముక్కలను పట్టిన పట్టకారుతోనే కాలినవాటిని పళ్ళెంలో వేయడం. ఈ ఒక్క అలవాటు పొయ్యి చేసిన మేలంతా చెరిపేస్తుంది. కొవ్వు నిప్పుల మీద కారి లేచే పొగ వల్లనూ, మాడిన చోట్లనూ హానికరమైన రసాయనాలు చేరతాయి కనుక నల్లగా మాడిన భాగాన్ని తీసేసి తినడం మంచిది.

పక్కన వేసేవి, పైన చల్లేవి

బండి దగ్గర తిని జబ్బుపడిన చాలామంది వేడివేడి పదార్థాన్ని తప్పుపడతారు. దాని పక్కన పోసిన చల్లని పచ్చడిని తలుచుకోరు. ఉడకనివి, నీళ్ళు కలిసినవి, చేత్తో చల్లినవి అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా చూడవలసినవి. ఉల్లిముక్కలు, ఆకుకూర తురుము, పచ్చిగానే రుబ్బి నీళ్ళతో పలచన చేసిన పచ్చళ్ళు, పెరుగు కలిపినవి సాయంత్రమంతా మూతలేని గిన్నెల్లో ఉంటాయి. వీటిలో కూడా తేడాలున్నాయి. చింతపండు, నిమ్మ, వెనిగర్ వంటి పులుపు బాగా ఉన్నవాటిలో బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి అవి కొంత నయం. చప్పగా, పలచగా, పాలవంటి రంగులో ఉన్నవి అంత నమ్మదగినవి కావు. సీసాలో మూసి అమ్మే సాసు రుచికి ఏమంత గొప్పగా లేకపోయినా ఇలాంటి చోట ముందువరుసలో నిలుస్తుంది. పచ్చడి లేకుండా తినలేనివారు కొత్తగా తీసిన గిన్నెలోనుంచి వేయమని అడగవచ్చు.

పానీయాల్లో ఎంపిక మరీ స్పష్టం. కళ్ళముందు మరిగించి పోసిన టీ, కాఫీ మొదటి స్థానంలో ఉంటాయి. మూత సీలు తీయని సీసా తరువాత. అప్పుడే పిండిన పండ్లరసం, యంత్రమూ నీళ్ళూ శుభ్రంగా ఉన్నాయనిపిస్తే మాత్రమే. ఐసు వేసినవి చివర. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని జీవులు చావవు, ఊరకే నిద్రపోతాయి. ఐసును ఎక్కడి నీటితో చేశారో, ఏ గోనెసంచిలో తెచ్చారో బండివాడికే తెలియకపోవచ్చు. పండ్ల విషయంలో తొక్క తీయనిది తీసిపెట్టినదానికన్నా, ఇప్పుడు కోసినది ఇందాక కోసిపెట్టినదానికన్నా ఎప్పుడూ మెరుగు.

ఏ వేళకు వెళ్ళాలి

బండి తెరిచిన మొదటి అరగంటలో నూనె తాజాగా ఉంటుంది, గిన్నెలు కడిగే నీళ్ళు తేటగా ఉంటాయి, అమ్మకందారు తీరికగా ఉంటాడు. కానీ పొయ్యి ఇంకా అందుకోదు, జనం వచ్చేలోపు ముందుగానే వాయిలు తీసి పోసుకుంటాడు. రద్దీ పెరిగాక ఏ వాయికావాయి అమ్ముడుపోతుంది, నిలవ అన్నమాట ఉండదు. అయితే తొందరలో సగం కాలినవి పళ్ళెంలోకి వస్తాయి, ఎంగిలి పళ్ళేలు ఒక్క ముంపుతో తిరిగి వస్తాయి. బండి కట్టేసే వేళకు అన్నీ మిగుళ్ళే, నూనె అలసిపోయి ఉంటుంది, నీళ్ళు మురికిపట్టి ఉంటాయి. ఈ మూడింటిలో నేను ఎంచుకునేది జనం చేరడం మొదలై, ఇంకా ముమ్మరం కాని సమయం. రాత్రి ఆలస్యంగా తినక తప్పనివారు ఆ వేళకు అడిగాక చేసే బండ్లకే పరిమితం కావడం మంచిది.

రాత్రి వెలుతురు గురించి ఒక మాట. ఎర్రటి, పసుప్పచ్చని దీపాల కింద మాంసం ఉడికిందో లేదో, నూనె ఏ రంగులో ఉందో తెలియదు. తెల్లని దీపం పెట్టుకున్న బండి తన పనిని దాచుకోవడం లేదు. దీపానికి చేరే పురుగులు పడకుండా గిన్నెలకు మూతలైనా అద్దమైనా ఉన్నదీ లేనిదీ కూడా అక్కడే తెలుస్తుంది.

జనం ఉన్న బండా, ఖాళీ బండా అంటే సాధారణంగా జనం ఉన్నదే. కానీ ఆ జనానికి ఏమి ఇస్తున్నారో చూడాలి. పొయ్యి మీదనుంచి నేరుగా అందుకుంటున్న వరుస వేరు, ఎదుట పేర్చిన గుట్టలోనుంచి తీసి ఇస్తున్న వరుస వేరు. రెండు మూడు రకాలే చేసే బండికీ, పాతిక రకాల పేర్లు రాసి పెట్టిన బండికీ మధ్య మొదటిదానికే నా ఓటు; రకాలు పెరిగేకొద్దీ ఒక్కొక్కటి నిలవుండే కాలం పెరుగుతుంది. ఇద్దరు పనిచేసే బండిలో ఒకరు డబ్బు తీసుకుని ఒకరు వడ్డించే వీలుంటుంది. ఒక్కడే అన్నీ చేసుకునేచోట అతను డబ్బు తాకిన చేత్తో ఆహారాన్ని తాకుతున్నాడా, గరిటెనో పట్టకారునో వాడుతున్నాడా అన్నది గమనించాలి. బీదగా ఉన్న బండి మురికిదన్న తలంపు న్యాయం కాదు. చినిగిన గొడుగు కింద అద్దంలా తుడిచిన పెనం ఉండవచ్చు, మెరిసే స్టీలు బండిలో ఉదయంనాటి గుడ్డతోనే అన్నీ తుడుస్తూ ఉండవచ్చు.

పళ్ళేల విషయంలో ఆకు, ఒకసారి వాడి పారేసే కాగితపు పళ్ళెం, కడిగి వాడే పళ్ళెం అన్న వరుసను నేను పాటిస్తాను. ఒకే బకెట్టు నీళ్ళలో ముంచి తీసే పళ్ళేలను వదిలి, ఇంటినుంచి సొంత డబ్బా తీసుకెళ్ళడం ఇంకా మంచిది. అచ్చువేసిన వార్తాపత్రికలో చుట్టిన వేడి వేపుడుకు సిరా అంటుతుంది, తెల్లకాగితం అడగాలి. మన చేతుల సంగతికొస్తే, వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ రుద్దుకునే శానిటైజర్‌కు అంత సులభంగా లొంగదు, సబ్బూ నీళ్ళే నమ్మదగినవి.

చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పై పోలికల్లో మొదటి స్థానంలో ఉన్నవాటికే పరిమితం కావాలి. గర్భిణులకు కలుషితమైన నీటి ద్వారా వ్యాపించే హెపటైటిస్ ఇ అనే కాలేయ వ్యాధి సోకితే ప్రాణాంతకం కాగలదు గనుక నీళ్ళు, ఐసు, పచ్చి పచ్చళ్ళు పూర్తిగా మానుకోవడమే సబబు. ఏదైనా పదార్థం పడనివారు ఒకే నూనెలో అన్నీ వేయించే బండిని ఎంచుకోకూడదు.

ఇంటికి తీసుకెళితే

అక్కడే నిలబడి తినడం, కట్టించుకుని తేవడం అన్న రెండింటిలో మొదటిదే మేలు. కట్టించుకున్నప్పుడు ఆ 2 గంటల లెక్క ఇంటికి చేరినప్పటినుంచి కాదు, పొయ్యి దిగినప్పటినుంచి మొదలవుతుంది. మిగిలినది వెడల్పాటి పాత్రలో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి, తినేముందు పొగలు కక్కేదాకా వేడిచేయాలి. ఎప్పుడు వండారో తెలియని అన్నాన్ని మాత్రం దాచిపెట్టుకోకూడదు.

ఒకవేళ ఒంట్లో బాగుండకపోతే, చివరిగా తిన్నదాన్నే తప్పుపట్టడం తొందరపాటు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలైతే పైన చెప్పిన విషాలను అనుమానించవచ్చు. సాల్మోనెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు 6 గంటల నుంచి 6 రోజుల దాకా ఎప్పుడైనా బయటపడవచ్చు, హెపటైటిస్ ఎ బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. ఏ బండిని వదులుకోవాలన్న నిర్ణయం ఈ లెక్క చూసుకున్నాకే తీసుకోవాలి. ఆలోగా నీరసించకుండా ఓఆర్ఎస్ తాగాలి. అది దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకుని కొద్దికొద్దిగా తాగాలి. చెంచా అంటే ఇక్కడ టీస్పూను. మలంలో రక్తం కనిపించినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, తాగినది కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గిపోయినా తెల్లవారేదాకా ఆగకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.